గుర్రమెక్కితే గుబులు పోతుందా?

అది మాట్లాడదు. మందు రాయదు. మార్కులు అడగదు. వీపు మీద కూర్చోబెట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, అంతే! ఆ నాలుగడుగులతోనే కొందరు చిన్నారుల్లో చిరాకు తగ్గుతోందనీ, మాట పెరుగుతోందనీ పరిశోధనలు చెబుతున్నాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో పెరుగుతున్న పిల్లలకు ఈ గుర్రపుస్వారీ చికిత్స ఎంత దూరంలో ఉంది? దాన్ని ఎంతవరకూ నమ్మొచ్చు?

గుర్రమెక్కకుండా పెద్దయినవాళ్లు ఉండరు. నిజం గుర్రం కాకపోతే కనీసం నాన్న వీపైనా ఎక్కి ఉంటారు. నాన్న మోకాళ్ల మీద వంగి నడుస్తుంటే, చొక్కా కాలరే కళ్లెంగా పట్టుకుని ఇల్లంతా తిరిగి ఉంటారు. అంతసేపూ ఏడ్చిన పిల్లాడు కూడా ఆ ఊపుకి నవ్వేస్తాడు. ఆ ఊపులో ఏదో ఉందని ప్రతి తల్లికీ తెలుసు. అదేమిటో తేల్చే పనిలో ఫిజియోథెరపిస్టులూ మానసిక వైద్యులూ అరవై డెబ్భై ఏళ్లుగా ఉన్నారు.

వాళ్ల కృషితో పుట్టిందే థెరప్యూటిక్ రైడింగ్. ఆటిజం, అతి చురుకుదనం, మెదడు ఎదుగుదలలో లోపాలు, తీవ్రమైన భయాలు, దిగులు... ఇలాంటి ఇబ్బందులున్న పిల్లల్ని శిక్షణ పొందిన గుర్రాల మీద, శిక్షణ పొందిన మనుషుల పర్యవేక్షణలో స్వారీ చేయించడం. అమెరికా, ఐరోపా దేశాల్లో ఇది ఎప్పుడో పాతబడింది. మన దేశంలో బెంగళూరు లాంటి నగరాల్లో వేళ్లూనుకుంటోంది. కొన్నిచోట్ల సైన్యం తన గుర్రపుశాలల తలుపుల్ని ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తెరిచింది. కానీ దీని అవసరం ఎక్కువగా ఉన్నది పెద్ద నగరాల విల్లాల్లో కాదు, వాటి అంచున పొగగొట్టాల పక్కన పెరిగే బస్తీల్లో!

సైరన్ కూతల మధ్య...

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వయసు ఇంచుమించు యాభై ఏళ్లు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అంతకుముందే ఉంది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఈ ప్రాంతంలో పరిశ్రమలకు ఊపొచ్చింది. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి... ముంబయి వెళ్లే జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లన్నీ మందుల కంపెనీలూ రసాయనాల ఫ్యాక్టరీలూ ఇనుము కరిగించే కొలుములతో నిండిపోయాయి. 2008లో మొదలైన ఐఐటీ తర్వాత కందికి చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వేలమంది పొట్ట చేతపట్టుకుని వచ్చారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పొలాలు వదిలి గేటు ముందు నిలబడ్డారు.

ఈ కుటుంబాల్లో పిల్లల రోజు ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. తండ్రికి నైట్ షిఫ్టు. పగలంతా నిద్ర. ఉన్నది ఒక్కటే గది. పిల్లాడు గట్టిగా అరిస్తే నాన్నకు నిద్ర చెడుతుంది. పక్కింటివాళ్లు తలుపు కొడతారు. అమ్మ కూడా ప్యాకింగ్ పనికో కాంట్రాక్టు పనికో వెళితే పిల్లాడికి తోడు సెల్‌ఫోనే. బయట ఆడుకుందామంటే లారీలు. ఇంట్లో భోజ్‌పురియో ఒడియానో, వీధిలో హిందీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. రెండుమూడు భాషలు వినడం వల్ల పిల్లలకు ఆటిజం రాదు. అది అపోహే. అసలు చిక్కేమిటంటే, 'కొత్త భాష కదా, నెమ్మదిగా మాట్లాడతాడులే' అని అందరూ ఊరుకుంటారు. మాట రాకపోవడానికి మరో కారణం ఉంటే అది బయటపడేసరికి విలువైన ఏళ్లు గడిచిపోతాయి.

ఇవి చాలవన్నట్టు ప్రమాదాలు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు నలభైమందికి పైగా కార్మికుల్ని పొట్టన పెట్టుకుంది. అలాంటి ఘటన తర్వాత పరిహారం గురించి చర్చ జరుగుతుంది, భద్రతా నిబంధనల గురించి చర్చ జరుగుతుంది. నాన్న డ్యూటీకి బయల్దేరితే చెయ్యి వదలని పిల్లాడి గురించీ, సైరన్ మోగగానే మంచం కిందకు దూరే పాప గురించీ మాట్లాడేవాళ్లు తక్కువ.

నిజానికి ఈ సమస్య మనం అనుకునేంత చిన్నది కాదు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం దేశంలో ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి మెదడు, నాడీ మండలం ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని తేలింది. వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం, బుద్ధిమాంద్యం... అన్నీ అందులోకి వస్తాయి. 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే అరవైమంది ఉన్న తరగతి గదిలో నలుగురికి!

నడక గుర్రానిది... కదలిక పిల్లాడిది

మరి ఇందులో గుర్రానికేం పని?

గుర్రం నెమ్మదిగా నడుస్తున్నప్పుడు దాని వీపు మూడు రకాలుగా కదులుతుంది. ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ, ఒక పక్క నుంచి మరో పక్కకీ. మనిషి నడుస్తున్నప్పుడు నడుం ఎముకలు కదిలే తీరు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే గుర్రం మీద కూర్చున్న పిల్లాడు తాను నడవకుండానే నడక పాఠం నేర్చుకుంటాడు. పడిపోకుండా ఉండాలంటే ప్రతి అడుగుకీ పొట్ట, వీపు, తొడ కండరాలు సర్దుకోవాలి. పది నిమిషాల నడకలో అలాంటి సర్దుబాట్లు వందల సంఖ్యలో జరుగుతాయి. గదిలో బల్ల మీద కూర్చోబెట్టి అన్నిసార్లు వ్యాయామం చేయించాలంటే ఏ పిల్లాడూ ఒప్పుకోడు. గుర్రమెక్కాక మాత్రం 'ఇంకో రౌండు' అని మారాం చేస్తాడు!

ఇంకో సంగతి. గుర్రం ఒంటి వేడి మనకంటే కాస్త ఎక్కువ. 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ గోరువెచ్చదనం బిగుసుకుపోయిన కాళ్ల కండరాలకు హాయినిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఇది మేలు చేస్తుందని ఫిజియోథెరపిస్టులు చెబుతారు.

ఆటిజం ఉన్న పిల్లల కథ వేరు. వాళ్లలో చాలామందికి స్పర్శ, శబ్దం, కదలిక... ఏదైనా ఒకేసారి ఎక్కువైతే తట్టుకోలేరు. కొందరు అదేపనిగా ఊగుతారు, గిరగిరా తిరుగుతారు. వాళ్ల ఒళ్లు కోరుకునే లయ అది. గుర్రం నడకలో అలాంటి లయ ఉంటుంది. ఒకే వేగం, ఒకే ఊపు. ఎప్పుడేమవుతుందోనన్న కంగారు ఉండదు. ఒళ్లు కుదుటపడితే మనసు కుదుటపడుతుంది. మనసు కుదుటపడితే ఎదుటివాళ్ల మాట చెవికెక్కుతుంది.

అశ్వహృదయం

నలమహారాజుకు అశ్వహృదయం తెలుసని భారతం చెబుతుంది. గుర్రం మనసులో ఏముందో కనిపెట్టే విద్య అది. చిత్రమేమిటంటే, గుర్రానికి కూడా మనిషి హృదయం ఎంతోకొంత తెలుసు!

గుర్రం వేటాడే జంతువు కాదు. వేటకు బలయ్యే జంతువు. లక్షల ఏళ్లుగా అది బతికి బట్టకట్టిందంటే, చుట్టూ ఉన్నవాళ్ల ఉద్దేశాన్ని క్షణాల్లో పసిగట్టే గుణం వల్లే. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ ఉన్నదంతా చూడగలదు. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం కనిపించగానే వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. ఆ ముఖాన్ని అవి ఎడమ కంటితో చూశాయి. ముప్పు అనిపించినవాటిని చాలా జంతువులు అలాగే చూస్తాయి.

చికిత్సకు పనికొచ్చే గుణం ఇదే. పిల్లాడు అరిస్తే గుర్రం చెవులు వెనక్కి వాలుస్తుంది. పగ్గం గుంజితే తల ఎగరేస్తుంది. నెమ్మదిగా మెడ నిమిరితే చెవులు వదులు చేసి నిలబడుతుంది. అంటే పిల్లాడు చేసే ప్రతి పనికీ అక్కడికక్కడే జవాబు వస్తుంది. ఆ జవాబులో తిట్టు ఉండదు, వెక్కిరింత ఉండదు, 'నీ వల్ల కాదు' అన్న మాట ఉండదు. టీచరు తిడితే మొండికేసే పిల్లాడు గుర్రం ముందు తనంతట తానే గొంతు తగ్గిస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం... గుర్రానికి భాష అక్కర్లేదు. దానికి తెలిసిందల్లా గొంతులోని తీరు, ఒంట్లోని బిగువు. ఒడియా పిల్లాడికీ తెలుగు పిల్లాడికీ అసలు మాటే రాని పిల్లాడికీ అది ఒకేలా బదులిస్తుంది. నాలుగు భాషల మధ్య నలిగే పారిశ్రామికవాడ పిల్లలకు ఇంతకంటే తేలికైన నేస్తం దొరకదు.

భయపడిన పిల్లలకు ఇంకో లాభం ఉంది. నాలుగైదు వందల కిలోల జంతువు తాను చెబితే కదులుతోంది, తాను ఆపితే ఆగుతోంది. తన చేతిలో ఏమీ లేదనుకున్న పిల్లాడికి 'నా మాటకు విలువుంది' అని మొదటిసారి అనిపిస్తుంది. ఇది మాత్రతో వచ్చేది కాదు.

పోలియో కాళ్లతో ఒలింపిక్ పతకం

ఈ చికిత్స చరిత్ర చెప్పేవాళ్లు తలవని పేరు ఉండదు... లిస్ హార్టెల్. డెన్మార్క్‌కు చెందిన ఈమె మంచి రౌతు. 1944లో 23 ఏళ్ల వయసులో, గర్భంతో ఉండగా పోలియో సోకింది. మోకాళ్ల కింద చచ్చుబడిపోయాయి. మళ్లీ గుర్రమెక్కడం కుదరదన్నారు. ఆమె వినలేదు. ఒకరు ఎత్తి కూర్చోబెడితేగానీ జీను మీదకు చేరలేని స్థితిలోనే సాధన చేసింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్లతో పోటీపడి డ్రెసాజ్ విభాగంలో రజతం గెలిచింది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ రజతం! హెల్సింకిలో స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సెయింట్ సైర్ ఆమెను పతకాల వేదిక మీదకు ఎక్కించిన దృశ్యం చరిత్రలో నిలిచిపోయింది.

కాళ్లు లేని మనిషికి గుర్రమే కాళ్లైతే, మాట లేని పిల్లలకు అదే మాటెందుకు కాకూడదు? ఐరోపా వైద్యుల చూపు అటు తిరిగింది. 1969లో బ్రిటన్‌లో వికలాంగుల స్వారీ సంఘం, అదే ఏడాది అమెరికాలో ఉత్తర అమెరికా సంఘం ఏర్పడ్డాయి. ఆ అమెరికా సంఘమే 2011 నుంచి పాత్ ఇంటర్నేషనల్ పేరుతో శిక్షకులకు ధ్రువపత్రాలు ఇస్తోంది.

2009లో వచ్చిన 'ద హార్స్ బాయ్' పుస్తకం దీన్ని సామాన్యుల ఇళ్లలోకి తీసుకెళ్లింది. రచయిత రూపర్ట్ ఐజాక్‌సన్. ఆటిజం ఉన్న కొడుకు రోవన్ గుర్రం దగ్గర మాత్రమే స్థిమితపడటం గమనించి, 2007లో వాడిని మంగోలియాకు తీసుకెళ్లి గుర్రాల మీద తిప్పాడు. కొడుకులో చాలా మార్పు వచ్చిందని రాశాడు. ఆటిజం నయమైందని మాత్రం ఆయన కూడా అనలేదు. చాలామంది మరిచిపోయే విషయం ఇదే!

పరిశోధన ఏమంటోంది?

ఒక తండ్రి అనుభవం వేరు, రుజువు వేరు. ఇప్పటివరకూ జరిగినవాటిలో గట్టి అధ్యయనంగా చెప్పుకునేది 2015లో అమెరికాలో రాబిన్ గేబ్రియల్స్ బృందం ప్రచురించింది. ఆటిజం ఉన్న 6-16 ఏళ్ల పిల్లలు 127 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు పదివారాలు స్వారీ చేసింది. రెండో జట్టు కూడా పదివారాలు గుర్రపుశాలకే వచ్చింది, గుర్రాల గురించే నేర్చుకుంది. కానీ వాళ్లకు ఇచ్చింది నిజం గుర్రం కాదు, బొమ్మ గుర్రం. చివర్లో చూస్తే, స్వారీ చేసిన జట్టులో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గాయి. ఆ తేడా అయిదో వారం నుంచే కనిపించింది. నలుగురిలో మెలిగే తీరు మెరుగుపడింది. మాట్లాడే మాటల సంఖ్యా పెరిగింది. మార్పు తెచ్చింది ఆ వాతావరణం ఒక్కటే కాదు, గుర్రం కూడా అనడానికి ఇదో ఆధారం.

అయితే మిగతా అధ్యయనాల్లో చాలావరకూ చిన్నవి. పదిమందితోనో ఇరవైమందితోనో చేసినవి. భయం, దిగులు, ఆత్మీయుల్ని పోగొట్టుకున్న దుఃఖం... వీటి విషయంలో ఫలితాలు ఆశ కలిగిస్తున్నా తిరుగులేని రుజువు ఇంకా లేదు. కాబట్టి గుర్రపుస్వారీని స్పీచ్ థెరపీకో, ఆక్యుపేషనల్ థెరపీకో, మానసిక వైద్యుడు రాసిన మందుకో బదులుగా పెట్టకూడదు. పక్కన తోడుగా పెట్టాలి. 'మూడు నెలల్లో ఆటిజం మాయం' అని ఎవరైనా బోర్డు పెడితే అటు వెళ్లకపోవడమే మంచిది.

పేర్ల దగ్గరా గందరగోళం ఉంది. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం. అందులోంచి వచ్చిన హిప్పోథెరపీ ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపిస్టులు గుర్రం కదలికను సాధనంగా వాడుకుని చేసే వైద్యం. థెరప్యూటిక్ రైడింగ్‌లో శిక్షకుడు స్వారీ నేర్పుతూనే పిల్లాడి ప్రవర్తన, ఏకాగ్రత మీద దృష్టి పెడతాడు. ఇక మూడోది, మానసిక నిపుణుడి సమక్షంలో జరిగేది. అందులో చాలాసార్లు గుర్రమెక్కాల్సిన పనే ఉండదు. మాలిష్ చేయడం, దాణా పెట్టడం, తాడు పట్టుకుని నడిపించడం... వీటి చుట్టూనే పిల్లాడి మనసులో మాట బయటికి తెస్తారు. ప్రమాదాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది ఈ మూడో దారినే.

క్లాసులో ఏం చేస్తారు?

పద్ధతిగా జరిగే చోట మొదటి రోజే పిల్లాణ్ని జీను ఎక్కించరు. ముందు దూరం నుంచి చూడటం. తర్వాత గుర్రం పేరు తెలుసుకోవడం. మెడ మీద చెయ్యి వేయడం. అరచేయి చాపి క్యారెట్ ముక్క పెట్టడం. బ్రష్‌తో జూలు దువ్వడం. పిల్లాడు ఏడుస్తున్నా బలవంతంగా ఎక్కించే చోటు చికిత్సాలయం కాదు, తిరునాళ్ల రంగులరాట్నం!

ఎక్కాక తలకి హెల్మెట్ తప్పనిసరి. గుర్రాన్ని ఒకరు నడిపిస్తారు. పిల్లాడికి ఇటొకరు అటొకరు నడుస్తారు. శిక్షకుడు మధ్యలో నిలబడి చెబుతుంటాడు. 'చేతులు చాపు', 'ఎర్ర బంతిని బకెట్లో వెయ్యి', 'ఆగమని చెప్పు'. ఆగమని చెబితేనే గుర్రం ఆగుతుంది. నడవమంటేనే నడుస్తుంది. ఇక్కడే మాట పుడుతుంది. అవసరం లేకుండా ఎవరూ మాట్లాడరు కదా! గుర్రం కదలాలన్న కోరిక పిల్లాడికి మాట అవసరమయ్యేలా చేస్తుంది. మాట రానివాళ్లు మెడ తట్టో, బొమ్మల కార్డు చూపించో చెబుతారు. ఒక్కో విడత అరగంట నుంచి ముప్పావుగంట. వారానికి ఒకటి రెండుసార్లు. కనీసం రెండు మూడు నెలలు చూస్తేగానీ మార్పు తెలియదు.

దిగాక పని అయిపోదు. గుర్రానికి కృతజ్ఞతగా మెడ తట్టాలి, నీళ్లు పెట్టాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు తనకు సాయం చేయడమే తెలిసిన పిల్లాడికి తానూ ఒకరికి సాయం చేయొచ్చని తెలిసేది అప్పుడే.

బరాత్ గుర్రం పనికిరాదా?

పటాన్‌చెరు, సంగారెడ్డిలో గుర్రం కనిపించేది పెళ్లిళ్ల సీజన్లోనే. బ్యాండు మోతలో, టపాసుల మధ్య పెళ్లికొడుకుని మోసే తెల్లగుర్రం. దానిమీద పిల్లాణ్ని ఓ రౌండు తిప్పితే సరిపోదా అనుకునేవాళ్లున్నారు. సరిపోదు. చికిత్సకు ఎంచుకునే గుర్రం బెదరకూడదు, కరవకూడదు, పిల్లాడు ఒక్కసారిగా కేకపెట్టినా కదలకూడదు. నడక సమంగా ఉండాలి. వయసులో కాస్త పెద్దదై, ఒడుదొడుకులన్నీ చూసినదై ఉండాలి. పందేల నుంచి రిటైరైన గుర్రాల్లో కొన్ని ఇందుకు పనికొస్తాయి గానీ అన్నీ కావు. పరుగే ఊపిరిగా పెరిగినదాన్ని నెమ్మదిగా నడవమనడానికి నెలల తర్ఫీదు కావాలి.

దక్కనులోనే ఇందుకు అనువైన జాతి ఉంది. ఎత్తు తక్కువ, ఓర్పు ఎక్కువ అని పేరున్న భీమ్‌థడీ. దక్కనీ గుర్రమని పిలిచేది దీన్నే. భీమా నది లోయ దీని పుట్టిల్లు. మరాఠా సైన్యాలు నడిచింది దీనిమీదే. ఈ మధ్యే జాతీయ పశు జన్యువనరుల సంస్థ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. పొట్టి గుర్రమైతే పక్కన నడిచేవాళ్లకు పిల్లాణ్ని పట్టుకోవడం తేలిక. పిల్లాడికీ భయం తక్కువ. కానీ గుర్రాలే కరవవుతున్నాయి. 2019 పశుగణన నాటికి దేశంలో గుర్రాలు 3.4 లక్షలే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. జట్కాలు పోయాయి. లాడాలు కొట్టేవాళ్లు, జీను కుట్టేవాళ్లు అరుదైపోయారు. చికిత్స పేరుతోనైనా గుర్రానికి పని దొరికితే ఆ చేతులకూ పని దొరుకుతుంది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు!

ఈ సామెత ఊరికే పుట్టలేదు. గుర్రం పనిచేసినా చేయకపోయినా గడ్డి, దాణా, లాయం, సాయిస్ జీతం, లాడాలు, పశువైద్యుడి ఫీజు ఆగవు. ఒక్క పిల్లాడి వెంట ముగ్గురు మనుషులు నడవాలి. అందుకే ఎక్కడైనా ఈ చికిత్స ఖరీదైనదే. అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు స్వారీ నేర్పే క్లబ్బులున్నాయి. కానీ స్వారీ క్లబ్బు వేరు, చికిత్సా కేంద్రం వేరు. అదీగాక బొల్లారంలో రోజుకూలీకి పనిచేసే తండ్రి ఒక పూట సెలవు పెట్టి, ఔటర్ రింగురోడ్డు దాటించి పిల్లాణ్ని వారం వారం తీసుకెళ్లాలంటే ఫీజు కంటే ముందు ఆ పూట కూలీ పోతుంది.

దారి లేదా అంటే ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభం దాటిన కంపెనీలు, నిర్దిష్ట స్థాయికి మించిన ఆస్తి, టర్నోవరు ఉన్న కంపెనీలు అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆరోగ్యం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ఆ జాబితాలో ఉన్నాయి. ఈ ప్రాంతంలో అలాంటి కంపెనీలకు కొదవ లేదు. బడికి బెంచీలూ ఊరికి నీళ్ల ప్లాంటూ ఇచ్చినట్టే నాలుగైదు కంపెనీలు కలిసి ఓ చిన్న గుర్రపుశాల నడపడం పెద్ద భారం కాదు. నిపుణులకోసం దూరం వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ ప్రత్యేక ఉపాధ్యాయుల్ని తయారుచేస్తోంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఒకరికి పిల్లలు తెలుసు, ఒకరికి పశువులు తెలుసు. డబ్బున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. వీళ్లను ఒక చోట కూర్చోబెట్టేవాళ్లే కావాలి.

గుర్రం సంక్షేమం కూడా చూడాలి. దాని బరువులో అయిదో వంతుకు మించి వీపు మీద మోయించకూడదంటారు. రోజుకు కొన్ని విడతలే, మధ్యలో విశ్రాంతి, ఎండాకాలం పొద్దునో సాయంత్రమో మాత్రమే. గ్లాండర్స్ లాంటి, మనుషులకూ సోకే జబ్బులు లేవని పరీక్షలు చేయించాలి. అలిసిపోయిన గుర్రం ఓదార్చదు, తంతుంది.

గుర్రం వచ్చేదాకా ఆగొద్దు

ఇప్పటికిప్పుడు మీ పిల్లాడి గురించి దిగులుగా ఉంటే గుర్రం కోసం వేచి ఉండక్కర్లేదు. పేరు పెట్టి పిలిచినా పలక్కపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం... వీటిలో ఏది కనిపించినా 'పెద్దయ్యాక అదే వస్తుంది' అని ఊరుకోవద్దు. జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా సత్వర చికిత్సా కేంద్రాలు ఉంటాయి. అక్కడ ఉచితంగా పరీక్షిస్తారు. మండల స్థాయిలో సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ సేవలు అందుతాయి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, మనోవికాస్‌నగర్ నీపిడ్ ఎలాగూ ఉన్నాయి. ఆటిజాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పింఛను, చదువు, ప్రయాణ రాయితీలకు దారి దొరుకుతుంది. అలాంటి కాగితం తీసుకోవడం నామోషీ కాదు, హక్కు.

ప్రమాదం తర్వాత నిద్రపోని పిల్లలు, బడి మానేసిన పిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీమానస్ అది. ఖర్చు లేదు, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098 ఉండనే ఉంది.

ఇక గుర్రం నేర్పిన సూత్రాలు ఇంట్లోనూ పనికొస్తాయి. ఒక జీవికి రోజూ ఒకే వేళకు మేత పెట్టడం, నీళ్లు పెట్టడం, ఒళ్లు నిమరడం. అది మేకపిల్లైనా, ఆవుదూడైనా, వీధికుక్కైనా సరే, పెద్దవాళ్లు పక్కనుండి ఆ బాధ్యత పిల్లాడికి అప్పగించి చూడండి. ఊయల ఊపండి. రోజుకో పావుగంట గొంతు పెంచకుండా, ఫోన్ పట్టుకోకుండా, మార్కులు అడగకుండా వాడి వెంట నడవండి. షిఫ్టు ముగించుకుని వచ్చిన నాన్నకు అంతకుమించి ఓపిక ఉండకపోవచ్చు. ఫర్వాలేదు. గుర్రం చేసేదీ అంతే!

స్వారీకి పంపేముందు...

• డాక్టర్‌ని అడగందే ఎక్కించొద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వాళ్లకు పరీక్ష తప్పనిసరి.

• అదుపులో లేని మూర్ఛ, తుంటి కీలు జారడం, వెన్ను బాగా వంకర తిరగడం, పెళుసు ఎముకలు, గుర్రం వెంట్రుకలంటే ఎలర్జీ ఉంటే స్వారీ వద్దు.

• నాలుగేళ్లు నిండాకే స్వారీ మేలు. అంతకన్నా చిన్నవాళ్లకు థెరపిస్టు చేతుల్లోనే.

• ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి. లాయంలో, మట్టిలో ఆ క్రిములుంటాయి.

• కేంద్రంలో శిక్షకుడి అర్హతేమిటి, థెరపిస్టు ఉన్నారా, హెల్మెట్లు ఉన్నాయా, పిల్లాడి పక్కన ఎంతమంది నడుస్తారు... మొహమాటపడకుండా అడగండి.

• మొదలుపెట్టేముందు పిల్లాడు రోజుకు ఎన్నిసార్లు అలుగుతున్నాడు, ఎన్ని మాటలంటున్నాడు, ఎంతసేపు నిద్రపోతున్నాడు అన్నది నోటుబుక్కులో రాసిపెట్టండి. పదివారాల తర్వాత పోల్చిచూడండి. తేడా లేకపోతే ఆ డబ్బు మరో చికిత్సకు వాడండి.

• మిగతా థెరపీలు, మందులు డాక్టర్ చెప్పకుండా మానొద్దు.